గిన్నెల నాణెం

సీతారామారావు ఆ నాణేన్ని ఎప్పుడూ జేబులో వేసుకుని రాడు. మెడలో వేలాడే తోలు సంచీలో తెస్తాడు. ఆ మంగళవారం పొద్దున్న కూడా సంచీలోంచి నీలం మఖమల్ పెట్టె తీసి, షాపు గాజుబల్ల మీద శాలిని ముందుకి రెండు చేతులతో జరిపాడు.

“శనివారం మన కాయిన్ కలెక్టర్ల మీటింగులో దీని మీదే నా టాక్. ఫోటో గోడంత చేసి చూపిస్తారట. సింహం జూలులో ఒక్కో వెంట్రుకా కనిపించాలమ్మా.”

“చేసేద్దాం అంకుల్. పావుగంట చాలు.”

శాలిని చేతులు కడుక్కుని తుడుచుకుని బల్ల మీద మెత్తటి నల్లబట్ట పరిచింది. సిటీ హాల్ దగ్గర ఒక పాత షాపింగ్ కాంప్లెక్సు రెండో అంతస్తులో ఉన్న నాణేల షాపు అది. తూచడం, ఫోటోలు తీయడం, వివరాలు రాయడం ఆమె పని. కొన్నవాళ్ళకి ఇచ్చే సర్టిఫికెట్ మీద యజమాని జయరాం సంతకం కింద ఆమె సంతకం కూడా ఉంటుంది.

“అసలు సంగతి ఏంటంటే,” సీతారామారావు స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. బ్యాంకులో రిటైరయ్యాక ఆయనకి ఇలాంటి సంగతులు చెప్పుకోవడమే పని. “జూరిక్ వాళ్ళు పదిహేను వందల పన్నెండులో వేసిన నాణెం మీద ముగ్గురు సెయింట్లు ఉంటారు. తెగిన తలల్ని తామే చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంటారు. పద్నాలుగేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో మతం మారింది. సెయింట్లు పోయారు. చర్చిల్లో వెండి గిన్నెలు ఉంటాయి చూడు, పూజలో ద్రాక్షరసం పోసేవి, వాటిని పట్టుకొచ్చి కరిగించారు. ఆ వెండితో వేసిందిది. అందుకే గిన్నెల నాణెం అంటారు. పక్క ఊళ్ళవాళ్ళు వీళ్ళని గిన్నెల దొంగలని తిట్టేవారట.”

ఈ మాటలు శాలిని ఇంతకు ముందు కూడా విన్నది. అయినా ఊఁ కొడుతూనే పెట్టె మూత తెరిచింది. ఊఁ కొట్టడం మధ్యలో ఆగిపోయింది.

నాణెం తెల్లగా మెరుస్తోంది. ఏడేళ్ళ కిందట ఈ బల్ల మీదినుంచి వెళ్ళినప్పుడు అది బూడిద, నీలం కలిసిన ముదురు రంగులో ఉండేది. ఆ రంగుని వర్ణిస్తూ సర్టిఫికెట్‌లో రెండు వాక్యాలు రాసింది తనే. ఆమె అంచుల్ని మాత్రం పట్టుకుని పైకెత్తి దీపం కింద వాల్చింది. సింహం జూలు దగ్గర, ఎత్తుగా ఉన్నచోట, వెండి అరిగి కింద ఎర్రటి ఛాయ కనబడుతోంది. కంటికి భూతద్దం తగిలించుకుంది. అంచు చుట్టూ సన్నటి గీత, రెండు సగాలు అతికినట్టు. అక్షరాల మధ్య గుండ్రటి చిన్న చిన్న గుంటలు.

పాత నాణేలని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. కొట్టినదానికి ఇలాంటి గుంటలుండవు. ఇది మూసలో కరిగించి పోసింది.

“దీన్ని ఎవరన్నా క్లీన్ చేశారా అంకుల్?”

“క్లీనా? నేనే దాన్ని వేలితో ముట్టుకోను. ఏమైంది?” ఆయన కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు.

శాలిని జవాబు చెప్పకుండా నాణేన్ని తూకం మీద పెట్టింది. ఉండాల్సినదానికి దాదాపు రెండు గ్రాములు తక్కువ. తీసి, తూకాన్ని సున్నా చేసి, మళ్ళీ పెట్టింది. అదే అంకె.

ఆమె భుజం మీదుగా జయరాం వంగి చూశాడు. అరవై దాటిన మనిషి, శాలిని వాళ్ళమ్మకి పెద్దనాన్న కొడుకు. భూతద్దం అందుకుని నాణెం మీద అలా పెట్టి ఇలా తీశాడు.

“ఇది మేం ఇచ్చిన కాయిన్ కాదంకుల్,” అన్నాడు. మాట చివర ‘లా’ అని ఒత్తడం ఈ ఊరి అలవాటు. “ఫేక్ లా. ఎవరో మార్చేశారు.”

సీతారామారావు స్టూలు మీంచి లేచాడు. అది తన నాణెమేనని, పెట్టె తన టేబుల్ సొరుగు దాటి పోలేదని, తాళంచెవి తన దిండు కింద ఉంటుందని ఒకదాని వెంట ఒకటి చెప్పాడు.

“ఇంట్లో పనికి ఎవరున్నారు అంకుల్?” అన్నాడు జయరాం.

సీతారామారావు తల తిప్పి ఆయన వంక చూశాడు. “ఈరమ్మ,” అన్నాడు. ఆ పేరుని ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు అన్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం శాలిని సీతారామారావు ఇంటికని హౌగాంగ్‌లో దిగేసరికి వాన వెలిసింది. ఆ నాణేన్ని పరీక్షకని షాపులోనే ఉంచి, మిగతా నాణేలు కూడా ఒకసారి చూసిపెట్టమని ఆయన అడిగాడు. పదకొండో అంతస్తులో ఫ్లాటు తలుపు తీసింది ఈరమ్మే. ముప్పై ఐదేళ్ళుంటాయి. శాలిని విప్పిన చెప్పుల్ని అందుకుని అరలో పెట్టింది. తలెత్తలేదు.

హాలు మధ్యలో ఒక సూట్‌కేసు బార్లా తెరిచి ఉంది. దాని పక్కన నేల మీద రెండు చీరలు, మూడు నైటీలు, పౌడరు డబ్బా, ఎవరో ఇద్దరు ఆడపిల్లలు స్కూలు బట్టల్లో నిలబడ్డ ఫోటో. మూత తీసిన ఆవకాయ సీసాలో ఒక పొడుగాటి చెంచా నిలబెట్టి ఉంది.

“అందులో కూడా కెలికి చూశాను,” అంది సీతారామారావు భార్య సత్యవాణి, శాలిని చూపు ఎక్కడుందో గమనించి. “ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతాం చెప్పు. నాలుగేళ్ళ నుంచి ఉంటోంది. మా ఇంటి మనిషిలాగే చూశాం. ఫోను తీసి నా దగ్గర పెట్టాను. వాళ్ళ అత్తగారికి ఫోన్ చేసి విషయం కూడా చెప్పాను, ఊళ్ళో నలుగురికీ తెలిస్తే అన్నా నిజం కక్కుతుందని.”

“ఏం చెప్పింది ఆంటీ?”

“ఏం చెప్తుంది? నాకేం తెలీదండి, నాకేం తెలీదండి. అదే పాట. ఆదివారం ఆదివారం లిటిల్ ఇండియా వెళ్తుంది. అక్కడ ఎవరిని కలుస్తుందో, ఎవరికి ఏం ఇస్తుందో మనకేం తెలుస్తుంది?” సత్యవాణి గొంతు తగ్గించలేదు. వంటింట్లో పళ్ళేలు సర్దుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

సీతారామారావు గదిలో సొరుగు తెరిచి పెట్టాడు. ఇరవై మూడు నాణేలు. శాలిని తెచ్చుకున్న చిన్న తూకాన్ని టేబుల్ మీద సమంగా నిలబెట్టి, ఒక్కొక్కటే తీసి తూచింది, అంచులు చూసింది, నోటుపుస్తకంలో రాసుకుంది. గంటన్నర పట్టింది. సీతారామారావు పక్కనే నిలబడి ప్రతిసారీ ఆమె ముఖం చూస్తున్నాడు. ఇరవై మూడూ నికార్సయినవే. అందులో రెండు బంగారువి.

“బంగారం వదిలేసి వెండి తీసుకుందా అంకుల్?”

“అదే నేనూ రాత్రంతా ఆలోచించాను. అంటే దానికి విలువ తెలిసినవాడెవడో చెప్పి చేయించాడు. దొంగ నాణెం ముందే తయారుచేసి ఈరమ్మ చేతికిచ్చాడు. మన మీటింగుకి వచ్చేవాళ్ళలోనే ఉన్నాడు వాడు.” ఆయన వేళ్ళు మడుస్తూ నలుగురి పేర్లు చెప్పాడు. నాలుగూ ఆయన స్నేహితుల పేర్లే.

శాలిని ఖాళీ మఖమల్ పెట్టెని దీపం దగ్గరికి తీసుకుంది. బట్ట మడతలో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. వేలి కొసతో తీసి వాసన చూసింది. విభూతి.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద పాత తువ్వాలు పరిచి దాని మీద దీపపు కుందులు, కుంకుమ భరిణె, చిన్న వెండి గంట బోర్లించి ఉన్నాయి. కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పక్కనే విభూతి డబ్బా.

“ఇవన్నీ నువ్వే తోముతావా?”

“నేనేనండి.”

“అంకుల్ టేబుల్ మీద బ్లూ బాక్స్, అందులోది కూడా తోమావా?”

ఈరమ్మ గ్లాసు కడుగుతున్న చేతిని కుళాయి కిందనుంచి తీయలేదు. గ్లాసు నిండి నీళ్ళు ఆమె మణికట్టు మీదుగా పొర్లుతున్నాయి. “ఆ గది తుడుస్తానంతేనండి. ఆ పెట్టె నేనెప్పుడూ ముట్టుకోలేదు.”

ఆమె అబద్ధం చెబుతోందని శాలినికి అర్థమైంది. పద్దెనిమిదేళ్ళుగా అసలుని, నకిలీని వేరు చేసే పని చేస్తున్న మనిషికి ఒక అబద్ధం దొరికినప్పుడు కలిగే తృప్తి లాంటిదేదో కలిగింది. హాల్లోకి వచ్చి, “ఆంటీ, ఆమె ఆ బాక్స్ టచ్ చేసింది,” అంది. పొడి అంటిన వేలు చూపించింది.

సత్యవాణి ఆ వేలునీ, వంటింటినీ మార్చి మార్చి చూసింది. “విన్నారా?” అంది భర్తతో.

సీతారామారావు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “శుక్రవారం సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం. మీ షాపు లెటర్ కావాలమ్మా. మీరమ్మింది అసలుది, ఇది వేరేదని.”

“జయరాం మామ రాయిస్తారు అంకుల్.”

ఆమె చెప్పుల కోసం వంగేసరికి అవి అప్పటికే తలుపు ముందు, కాళ్ళకి తొడుక్కోవడానికి వీలుగా, జతగా పెట్టి ఉన్నాయి. పెట్టిన మనిషి కనబడలేదు.

*

గురువారం పొద్దున్న జయరాం నిలబడే లెటర్ చెప్పాడు, శాలిని టైపు చేసింది. ఫలానా సంవత్సరంలో మేము అమ్మిన జూరిక్ నగరపు వెండి నాణెం అసలైనదని, ఇప్పుడు పరీక్షకి తెచ్చినది వేరే వస్తువని, మధ్యలో మార్పిడి జరిగిందని మా అభిప్రాయమని. నాలుగు వాక్యాలు.

“పాత ఫోటో కూడా పెడదాం మామా. పక్కపక్కన రెండూ పెడితే పోలీసులకి క్లియర్‌గా తెలుస్తుంది.”

“పాత ఫోటో ఎక్కడుంది? ఆ కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది కదా. లెటర్ చాలు లా. సైన్ చేసి పంపించు.”

“కంప్యూటర్ పోయింది. ఫోటోలు నేను వేరేగా దాచాను.”

“అవన్నీ వెతకడానికి టైమ్ ఎక్కడుంది? వేరే పని లేదా?” అన్నాడు జయరాం. ఆయన ఆమెతో అలా విసుక్కోవడం అరుదు. కాసేపటికి తనే మెత్తబడి, “నేను మకాన్‌కి వెళ్తున్నా, తినడానికి నీకేమన్నా తేనా?” అని అడిగాడు. వద్దంది.

ఆయన వెళ్ళాక శాలిని కొంతసేపు లెటర్ వంక చూస్తూ కూర్చుంది. మంగళవారం ఆయన భూతద్దం అలా పెట్టి ఇలా తీయడం గుర్తొచ్చింది. మామూలుగా ఏ నాణెం వచ్చినా జయరాం ముందు దాన్ని బోర్లిస్తాడు. వెనకవైపు చూడకుండా ఒక్క మాట మాట్లాడడు. ఆ రోజు బోర్లించనే లేదు.

కెమెరా ఉండే సొరుగులో అడుగున పాత డిస్క్ ఉంది. తగిలించింది. సంవత్సరం, నెల, నంబరు. ఫోటో తెరుచుకుంది. చీకటి రంగు నాణెం, అందంగా ఉంది. మంగళవారం తీసిన ఫోటోని దాని పక్కన పెట్టింది. పాత ఫోటోలో వెలుతురు కొద్దికొద్దిగా పెంచుతూ పోయింది. నీడలు పలచబడ్డాయి. అక్షరాల మధ్య, ముదురు రంగు కింద, గుండ్రటి చిన్న గుంటలు బయటపడ్డాయి. కుడివైపు సింహం పంజా దగ్గర మూడు ఒకచోట ఉన్నాయి. కొత్త ఫోటోలో చూసింది. అక్కడే మూడు.

దొంగ వచ్చి ఒక నకిలీని తీసి అదే నకిలీని మళ్ళీ ఎందుకు పెడతాడు?

ఆమె లేచి గాజు గ్లాసులో నీళ్ళు పట్టుకొచ్చింది. నాణేనికి సన్నదారం కట్టి ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్ళలో వేలాడదీసి తూచింది. మంచి వెండి అయితే నీళ్ళకి పదింతలకి పైన బరువుండాలి. ఇది తొమ్మిది కూడా దాటలేదు. రాగి ఏదో కలిపి పోసి, పైన వెండిపూత పూసి, ఆ పూతని నల్లబరిచారు. అంతే ఇది. ఎవరో విభూతితో గట్టిగా తోమారు కాబట్టి ఆ నలుపు పోయి లోపలిది కనబడింది.

ఇక మిగిలింది రికార్డు. తెరిచింది. బరువు దగ్గర ఉన్న అంకె పుస్తకాల్లో ఉండే అంకె, చివరి దశాంశంతో సహా. ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. తూకం రిపేరుకి వెళ్ళింది. సీతారామారావు అదే స్టూలు మీద పెట్టె కోసం ఎదురుచూస్తున్నాడు. “బుక్‌లో ఉన్న వెయిట్ వేసెయ్,” అన్నాడు జయరాం. ఆమె వేసేసింది. సంతకం చేసింది.

నిన్న హౌగాంగ్‌లో తెల్లపొడి అంటిన వేలు ఎత్తి చూపించడం శాలినికి గుర్తొచ్చింది. నీళ్ళలోంచి నాణేన్ని తీసి తుడిచి, ఆ బట్టని అలాగే పట్టుకుని కూర్చుంది.

జయరాం వచ్చి స్క్రీన్ మీద రెండు ఫోటోలు చూశాడు. ప్లాస్టిక్ సంచీలో పోయించి ముడి వేయించుకొచ్చిన కాఫీని బల్ల మీద పెట్టాడు.

“తెలిసే అమ్మావా మామా?”

“ఏం మాటది? నాకు అమ్మినవాడు నన్ను మోసం చేశాడు. నాకు తెలిసింది తర్వాత.”

“ఎంత తర్వాత?”

జయరాం కాఫీ సంచీ ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

“విను శాలిని. ముసలాయన ఏడేళ్ళు హ్యాపీగా ఉన్నాడు. ఇప్పుడు మనం వెళ్ళి నీది ఫేక్ అంటే ఏమవుతుంది? మన దగ్గర కొన్నవాళ్ళందరూ రేపు క్యూలో నిలబడతారు, నాది చూడు, నాది చూడు అని. పోలీసు వద్దని నేను అంకుల్‌కి చెప్తా. నా మాట వింటాడు. ఆ అమ్మాయిని ఊరికి పంపించేస్తారు, అంతే. వేరే ఇల్లు దొరకదా?”

“దొంగ అని పేరు పెట్టి పంపిస్తారు. వాళ్ళ అత్తకి ఫోన్ కూడా చేశారు.”

“అలమాక్, ఇదేం గోల! ఎవరో పనమ్మాయి కోసమా?” ఆయన ఆమె ముందు కూర్చున్నాడు. “మీ నాన్న పోయినప్పుడు నిన్ను ఈ స్టూలు మీద కూర్చోబెట్టింది ఎవరు? ఇంకో మాట. ఆ సర్టిఫికెట్ మీద నీ సైన్ కూడా ఉంది. మర్చిపోకు.”

“అదే చూస్తున్నా మామా.”

“అయితే?”

“రేపు అంకుల్ దగ్గరికి వెళ్తా.”

ఒక కస్టమర్ తలుపు తోసి, లోపలివాళ్ళ ముఖాలు చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. “వెళ్తే షాపు తాళంచెవి ఇక్కడ పెట్టి వెళ్ళు,” అన్నాడు జయరాం చివరికి. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

శాలిని బ్యాగులోంచి తాళంచెవి తీసి నల్లబట్ట మీద పెట్టింది. టైపు చేసిన లెటర్ని నాలుగు ముక్కలు చేసింది. నాణెం, రెండు ఫోటోలు, రికార్డు కాపీ తీసుకుంది. సెంబవాంగ్‌లో తన ఇంటికి వెళ్ళే ట్రైన్‌లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

*

శుక్రవారం పదిగంటలకి హౌగాంగ్ ఫ్లాటులో పూజ అయిపోయింది. అగరొత్తుల వాసన ఇంకా ఉంది. సూట్‌కేసు సర్ది గోడకి ఆనించి ఉంది. సీతారామారావు పోలీస్ స్టేషన్‌కి సాయంత్రం వెళ్ళడానికి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

“లెటర్ తెచ్చావా?”

“లేదంకుల్. మాట్లాడాలి. ఈరమ్మ కూడా ఉండాలి.”

“అదెందుకు?” అంది సత్యవాణి.

“ఆమె గురించే కదా ఆంటీ.”

ఈరమ్మ వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. శాలిని ఫోటోలు టీపాయ్ మీద పరిచింది. పరిచాక ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె తెలుగు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. స్కూల్లో నేర్చుకున్నది తమిళం. ఇలాంటివి చెప్పడానికి ఆమెకి ఎప్పుడూ ఇంగ్లీషే అలవాటు. కానీ ఇంగ్లీషులో చెప్తే గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి అర్థం కాదు.

“అంకుల్, కాయిన్ ఎవరూ మార్చలేదు. మేం మీకిచ్చిందే ఇది. ఇది ఫస్ట్ నుంచి ఫేకే. ఈ డాట్స్ చూడండి. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అప్పుడు నల్లగా ఉంది కాబట్టి కనబడలేదు. నేను ఆ రోజు వెయిట్ చూడలేదు. చూడకుండా బుక్‌లో నంబర్ రాసేశాను. చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. తప్పు నాది.”

సీతారామారావు ఒక ఫోటో తీసుకుని కళ్ళకి దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూశాడు.

“మరి రంగు ఎలా పోయింది?” అంది సత్యవాణి.

శాలిని గుమ్మం వైపు తిరిగింది. “విభూతితో తోమావు కదా? ఇప్పుడు చెప్పొచ్చు. ఏం కాదు.”

ఏం కాదు అన్న మాటని నమ్మాలో లేదో తూచుకుంటున్నట్టు ఈరమ్మ శాలిని ముఖంలోకి చూసింది. ఈ మూడు రోజుల్లో ఆమె శాలిని కళ్ళలోకి చూడటం అదే మొదలు.

“పోయిన గురువారమండి. పూజకి వెండంతా తోమి పెట్టమన్నారు అమ్మగారు. అయ్యగారు టేబులు మీద పెట్టె మూత తీసి పెట్టి స్నానానికెళ్ళారు. నల్లగా ఉంది. అమ్మవారి దగ్గర పెట్టే కాసేమో అనుకున్నానండి. వదిలేస్తే, ఇది కనబళ్ళేదా అని తిడతారని తోమి మళ్ళీ అందులోనే పెట్టేశాను. అయ్యగారు వచ్చి చూడకుండానే మూతేసేశారు.”

“ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదే!” అంది సత్యవాణి.

“ఎలా చెప్పమంటారండి? తోమానంటే పాడుచేశావంటారు. తోమలేదంటే దొంగంటారు. రెండిట్లో ఏది చిన్న తప్పో తెలీక ఊరుకున్నాను.”

సత్యవాణి చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, “వెండంతా అన్నాను నేను. నిజమే,” అంది ఎవరితోనో అన్నట్టు. “ఒక్కటి కూడా వదలొద్దన్నాను.”

సీతారామారావు ఫోటో కింద పెట్టాడు. “అంటే అసలుది నా దగ్గర ఒక్కరోజు కూడా లేదా?”

“లేదంకుల్.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. అడగకూడనిది అడిగినట్టు ముఖం ముడుచుకుంది. దొంగతనమైతే ఏడేళ్ళపాటు అది తనదిగా ఉండేది. శాలిని ఇప్పుడు ఆ ఏడేళ్ళని కూడా తీసుకెళ్ళిపోతోంది. ఆయన గొంతు ఉన్నట్టుండి గట్టిపడింది. “మొన్న లేని ఫోటో ఇవాళ ఎలా దొరికింది నీకు? ఈవిడ నీకేమన్నా ఫోన్ చేసి బతిమాలిందా? లేక ఇద్దరూ కలిసి...”

“ఆవిడ ఫోను నా బీరువాలో ఉంది,” అంది సత్యవాణి. “ఊరుకోండి ఇక.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. ఫోను, పాస్‌పోర్టు తెచ్చి, ఈరమ్మ చేతికి ఇవ్వడానికి ఎందుకో సంకోచించి, టీపాయ్ మీద ఫోటోల పక్కన పెట్టింది. “జరిగిందేదో జరిగింది. వెళ్ళి పెట్టెలో బట్టలు తీసి మళ్ళీ లోపల సర్దుకో. మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి చెప్తాలే, పొరపాటైందని.”

ఈరమ్మ ముందుకొచ్చి ఫోను తీసుకుంది. పాస్‌పోర్టు తెరిచి తన ఫోటో ఉన్న పేజీ చూసుకుని మూసింది.

“నన్ను పనికి కుదిర్చిన ఏజెన్సీలో దింపేయండి అమ్మగారూ. వేరే ఇల్లు చూస్తామన్నారు వాళ్ళు, పోయినేడాది నేను అడిగినప్పుడు.”

“పోయినేడాది అడిగావా?” సత్యవాణి నిర్ఘాంతపోయింది.

“నాకో కాగితం కావాలండి. నేను దొంగతనం చేయలేదని.”

సీతారామారావు నిట్టూర్చి ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకున్నాడు. ఇప్పుడే టైపు చేసి ఇస్తానన్నాడు. ఈరమ్మ కదలలేదు.

“తెలుగులో రాయండయ్యగారూ. ఇంగ్లీషులో రాస్తే మీరేం రాశారో నాకేం తెలుస్తుంది?”

“ఏజెన్సీవాళ్ళకి తెలుగు రాదుగా ఈరమ్మా.”

“వాళ్ళకి ఇంగ్లీషుది ఇవ్వండి. ఇది నాకు. మా అత్తకీ, ఊళ్ళోవాళ్ళకీ చూపించుకోవాలి. ఫోన్లో మీరు పొరపాటన్నా వాళ్ళు నమ్మరు.”

సీతారామారావు భార్య వంక చూశాడు. ఆమె ఏమీ అనకపోవడంతో సొరుగులోంచి తెల్లకాగితం, పెన్ను తీశాడు. ఆయన తెలుగు రాసి చాలా ఏళ్ళయినట్టుంది. ఒకటి రెండు చోట్ల ఆగి, గాలిలో అక్షరం తిప్పి చూసుకుని మళ్ళీ రాశాడు. అరపేజీ అయింది. సంతకం చేసి శాలిని వైపు జరిపాడు. “సాక్షి సంతకం నువ్వు పెట్టు. నాణెం సంగతి చెప్పింది నువ్వు కదా.”

శాలిని పెన్ను అందుకుంది. కాగితం మీద గుండ్రటి అక్షరాలు వరసలుగా ఉన్నాయి. ఆమెకి వాటిలో ఒక్కటి కూడా తెలియదు.

“నాకు తెలుగు చదవడం రాదు,” అంది ఈరమ్మతో. “నువ్వు చదివి చెప్పు. తర్వాత సైన్ చేస్తా.”

ఈరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒక్కో మాటనీ కూడబలుక్కుంటూ, గట్టిగా చదవసాగింది. తన పేరు, భర్త పేరు, ఊరు, నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేస్తున్న సంగతి. నాణెం సంగతి. సీతారామారావు చేతులు కట్టుకుని నేల వంక చూస్తున్నాడు. చివరి వరసకి వచ్చి ఈరమ్మ ఆగింది. పెదవులు కదిపి మళ్ళీ మొదటినుంచి ఆ వరస చదువుకుంది.

“‘ఈమె దొంగతనం చేసినట్టు రుజువు కాలేదు.’” తలెత్తింది. “ఇది కాదయ్యగారూ.”

“అదే కదమ్మా అర్థం. రుజువు కాలేదంటే...”

“రుజువు కాలేదంటే చేసింది గానీ దొరకలేదని. మా ఊళ్ళో అలాగే అనుకుంటారు. చేయలేదు అని రాయండి.”

సీతారామారావు ఆమె వంక కొంతసేపు చూశాడు. చెయ్యి చాచి కాగితం తీసుకుని, ఆ మాట మీద పెన్ను ఆనించాడు.

“కొట్టేసి రాయకండి. వేరే కాగితం మీద రాయండి.”

ఆయన సొరుగు తెరిచి ఇంకో కాగితం తీశాడు. ఈసారి ఈరమ్మ ఆయన కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. నాలుగేళ్ళలో ఆమె ఆ టేబుల్‌కి అంత దగ్గరగా చీపురో గుడ్డో లేకుండా నిలబడి ఉండదు. ఆయన మొదటినుంచి మొత్తం మళ్ళీ రాశాడు. పెన్ను వెంట ఆమె కళ్ళు ఎడమనుంచి కుడికి జరుగుతూ, వరస చివరికి వచ్చి, మళ్ళీ ఎడమకి వెళ్ళాయి. చివరి వరస దగ్గర ఆయన పెన్ను కాసేపు ఆగింది. ఆమె ఏమీ అనలేదు. అక్కడినుంచి జరగనూ లేదు. ఆయన రాశాడు.

ఈరమ్మ కాగితం అందుకుని, సిరా ఆరేదాకా గాలిలో ఊపి, మొత్తం పైకి చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. చదివాక శాలిని ముందు పెట్టి, కింద ఖాళీ జాగాని వేలితో చూపించింది.

“ఇప్పుడు పెట్టండి సంతకం,” అంది.